ముందు మీరు తిరిగే దారి చెప్పండి

మా షాపు మెట్లెక్కిన వాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది ఇంచుల గురించే. "తొమ్మిదిది ఎంత అన్నా? పదమూడుది దొరుకుతదా?" అంటూ ఫోన్‌లో ఒక ఫొటో చూపిస్తారు. ఆ ఫొటోలో డ్యాష్‌బోర్డు సగం తెరే, చుట్టూ నీలం లైట్లు. "ఇట్లాంటిదే కావాలె. నావిగేషన్ మాత్రం పక్కా ఉండాలె." నేను డబ్బాలు దించకుండా స్టూలు జరిపి కూర్చోమంటాను. బండి ఏది, ఏ సంవత్సరంది, ఏ వేరియంటు? ఫోన్ ఏది వాడతారు? బండి మీరొక్కరే నడుపుతారా, ఇంట్లో పెద్దవాళ్లు కూడానా? ఎక్కువగా ఏ దారుల్లో తిరుగుతారు? ఈ ఆఖరి ప్రశ్నకి కొందరు మొహం చిట్లిస్తారు. స్టీరియో కొనడానికొస్తే ఊళ్ల పేర్లు అడుగుతాడేంటని వాళ్ల అనుమానం. కానీ ఆ జవాబు వినకుండా నావిగేషన్ ఉన్న సెట్ చూపించడం నాకు చేతకాదు.

నేను సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాను. అప్పట్లో బండి ఏదైనా డ్యాష్‌బోర్డులో గుంత కొలత ఒక్కటే. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. అది జర్మనీ వాళ్ల ప్రమాణ సంస్థ కట్టిన కొలత, అందుకే డిన్ అంటారు. ఎత్తు రెట్టింపైతే డబుల్ డిన్. టయోటా బళ్లకి మాత్రం గుంత కాస్త వెడల్పు, 200 మిల్లీమీటర్లు. ఈ మూడు అంకెలు తెలిస్తే చాలు, కళ్లు మూసుకుని సెట్ బిగించేవాళ్లం. దారి చూపే పని రేడియోది కాదు. అద్దానికి రబ్బరు కప్పుతో అంటించే నావిగేటర్లు విడిగా వచ్చేవి, అవీ బాగా డబ్బున్నవాళ్ల బళ్లలోనే. మిగతావాళ్లకి కిటికీ దించి పాన్ డబ్బా దగ్గర అడగడమే నావిగేషన్.

ఇప్పుడొచ్చే తొమ్మిది, పది ఇంచుల తెర ఆ గుంతలో పట్టదు. గుంతకి ముందు నిలబడుతుంది. ఆ తెరకీ డ్యాష్‌బోర్డుకీ మధ్య సందు కప్పేది ఫ్రేము. ప్రతి మోడల్‌కీ ఫ్రేము వేరు, ఒకే మోడల్‌లో పాత రూపానికీ కొత్త రూపానికీ కూడా వేరు. అందుకే సంవత్సరం అడుగుతాను. ఫ్రేము సరిగా కుదరకపోతే గుంతల రోడ్డు మీద కిర్రుకిర్రుమని చప్పుడు, ఏసీ జాలీకి తెర అడ్డం, హజార్డ్ స్విచ్ ఎక్కడో మూలకి పోవడం. నన్నడిగితే తెర ఎన్ని ఇంచులన్నది ఫ్రేము చూశాక తేలాల్సిన విషయం. డ్రైవర్ సీట్లో కూర్చుని, ఫ్రేముని ఉత్తగా ఆనించి చూసుకుంటే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. పదమూడు ఇంచులది అడిగి వచ్చి, ఏసీ గాలి తెర వెనక్కి కొడుతుందని తెలిశాక తొమ్మిదితో సరిపెట్టుకున్నవాళ్లు చాలామంది.

ఇక దారి సంగతి. నావిగేషన్ అని అందరూ ఒకే మాట అంటారు గానీ, సెట్లలో అది మూడు రకాలు. పటం సెట్ లోపలో, మెమరీ కార్డులోనో ఉండేది ఒకటి. పేరున్న జపాన్ కంపెనీల పాత సెట్లు చాలావరకు ఇవే. మన దేశంలో వీటికి మ్యాప్‌మైఇండియా లాంటి వాళ్ల పటాలు వచ్చేవి. రెండోది ఆండ్రాయిడ్ స్టీరియో. అది పెద్ద సైజు టాబ్లెట్ అన్నట్టే. గూగుల్ మ్యాప్స్ దాంట్లోనే నడుస్తుంది, ఇంటర్నెట్ మాత్రం ఫోన్ హాట్‌స్పాట్ నుంచో, సిమ్ వేసే సౌకర్యం ఉంటే సిమ్ నుంచో రావాలి. మూడోది ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే. ఇక్కడ బుర్ర ఫోన్‌ది, తెర సెట్‌ది. పేర్లు దగ్గరగా ఉండటంతో ఆండ్రాయిడ్ స్టీరియో, ఆండ్రాయిడ్ ఆటో ఒకటేననుకుని కొనేసి, తర్వాత షాపువాడితో గొడవపడేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు.

ఈ మూడింటిలో ఏది మంచిదని అడిగితే శ్రీశైలం పోతారా అని అడుగుతాను. హైదరాబాద్ నుంచి పోతే మన్ననూర్ చెక్‌పోస్టు దాటాక నల్లమల అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ గేటు మూసేస్తారు. లోపలికి పోయాక చాలా దూరం ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ కూడా ఉండదని చాలామంది నమ్మకం. అది తప్పు. ఉపగ్రహాలకి సెల్ టవర్‌తో పనిలేదు. మన సెట్ వాటి మాట వింటుందే తప్ప వాటికి తిరిగి ఏమీ పంపదు. అడవిలో పోయేది మన చోటు కాదు, పటం. ఇంటర్నెట్ మీద ఆధారపడ్డ తెరలో అప్పుడు నీలం చుక్క కదులుతూనే ఉంటుంది, దాని చుట్టూ రోడ్లు ఉండవు. నెట్ ఉన్నప్పుడు మొదలుపెట్టిన ప్రయాణమైతే వేసుకున్న దారి చాలాసార్లు నిలుస్తుంది. మధ్యలో ఫర్హాబాద్ దగ్గర బండి ఆపి, సెట్ ఆపి, మళ్లీ మొదలుపెడితే అప్పుడు తెలుస్తుంది సంగతి.

కాబట్టి అడవి దారి, ఏజెన్సీ దారి ఎక్కువగా తిరిగేవాళ్లకి పటం లోపల ఉండే ఏర్పాటు కావాలి. దానికి ఖరీదైన సెట్టే కానక్కర్లేదు. గూగుల్ మ్యాప్స్‌లో మనం పోయే ప్రాంతాన్ని ముందే దించుకునే వీలుంది. కొన్నాళ్లకి దాని గడువు తీరుతుంది, మళ్లీ దించుకోవాలి. ట్రాఫిక్ చూపించదు, నల్లమలలో ట్రాఫిక్ చూసేదీ లేదు. బిగింపు అయ్యాక నేను షాపు వైఫై పెట్టి కస్టమర్ చేతే హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాకా చతురస్రం గీయించి దించిస్తాను. అది చేయించకుండా తాళం ఇవ్వను.

క్యాబ్ నడిపేవాళ్ల లెక్క వేరు. వాళ్లకి ఊళ్లో సిగ్నల్ ఎప్పుడూ ఉంటుంది. కానీ ఫోన్‌లో డ్యూటీ యాప్ నడవాలి, కస్టమర్ ఫోన్లు రావాలి, ఓటీపీ కొట్టాలి. అదే ఫోన్ మ్యాప్ కూడా చూపించాలంటే కాల్ వచ్చినప్పుడల్లా మలుపు పోతుంది. "అన్నా, ఫోన్ మీద భారం తగ్గించే సెట్ చూపియ్" అన్నాడొక ఇన్నోవా డ్రైవర్. ఈ వ్యాపారంలో అంత తెలివైన కోరిక అరుదు. అలాంటివాళ్లకి ఆండ్రాయిడ్ స్టీరియోనే సరి. రోజూ ఆఫీసుకి పోయి వచ్చే వాళ్లకి, వారానికొకసారి ఊరికి పోయే వాళ్లకి మాత్రం ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే బాగా నడిచే సెట్ చాలు. పటం ఫోన్‌తోపాటు కొత్తదవుతుంది. ఫోన్ మార్చినప్పుడల్లా నావిగేషన్ కూడా మారినట్టే. పటం కార్డుల్లో ఈ సుఖం లేదు. కార్డు ఆ సెట్‌కే ముడిపడి ఉంటుంది, కొత్త రోడ్లు కావాలంటే మళ్లీ డబ్బు కట్టాలి. కట్టేవాళ్లు తక్కువ. అందుకే పాత బళ్లలో చూస్తే కొత్త బైపాస్ మీద పోతున్న బండి, తెరలో పొలాల్లోంచి పోతున్నట్టు కనిపిస్తుంది.

సెట్ ఏదైనా, పటం ఏదైనా, అసలు ప్రాణం జీపీఎస్ యాంటెన్నాలో ఉంటుంది. డబ్బాలో అన్నిటికంటే చిన్న వస్తువు అదే. నల్లటి చతురస్రపు బిళ్ల, అడుగున అయస్కాంతం, సుమారు మూడు మీటర్ల సన్న వైరు, చివర మరతిప్పే పిన్ను. బిళ్ల విప్పితే లోపల పింగాణీ పలక ఒకటి ఉంటుంది. దాని మొహం ఆకాశానికి ఉండాలి. ఉపగ్రహాలు ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరుగుతుంటాయి. అక్కడి నుంచి ఇక్కడికి చేరేసరికి సంకేతం ఎంత నీరసంగా ఉంటుందో ఊహించుకోవచ్చు. ప్లాస్టిక్‌లోంచి, అద్దంలోంచి వస్తుంది గానీ రేకులోంచి రాదు. తొందర్లో ఉన్న ఫిట్టర్ ఏం చేస్తాడంటే బిళ్లని స్టీరియో వెనకాలే, ఇనుప బాడీ మీద అతికించి ఫ్రేము మూసేస్తాడు. బయటికి వైరు కనబడదు, కస్టమర్‌కి శుభ్రంగా అనిపిస్తుంది. నావిగేషన్ మాత్రం బండి ఒక వీధిలో ఉంటే పక్క వీధిలో చూపిస్తుంది.

నేను ముందు అద్దం పక్కన పిల్లర్ కవర్ ఊడదీసి, వైరు దాని వెనకనుంచి లాగి, బిళ్లని డ్యాష్‌బోర్డు మూలలో ప్లాస్టిక్ కింద పెడతాను. బిళ్ల పైన అడ్డంగా ఇనుప కడ్డీ ఉందేమో వేలితో తడిమి చూస్తాను. వైరు మిగిలితే చుట్ట చుట్టి రేడియో యాంటెన్నాకి దూరంగా కట్టేస్తాను. తర్వాత బండిని షెడ్డు బయటికి తోలి, సెట్‌లో ఉపగ్రహాల గీతలు చూపించే పేజీ తెరుస్తాను. చోటు చెప్పడానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. రేకుల షెడ్డు కింద నిలబెట్టి "చూడండి సార్, బ్రహ్మాండంగా పట్టింది" అనేవాడి మాట నమ్మొద్దు. అక్కడ తెర వెలుగు చూడొచ్చు, పాట వినొచ్చు. దారి సంగతి ఆకాశం కనబడే చోటే తేలుతుంది. కొత్త సెట్ మొదటిసారి కాస్త ఆలస్యం చేస్తుంది, ఉపగ్రహాలు తమ వివరాలు చాలా నిదానంగా చెబుతాయి మరి. ఆ కాస్తసేపు ఓపిక పట్టమని టీ తెప్పిస్తాను.

ఒకసారి ఎర్టిగా ఒకటి వచ్చింది. వేరేచోట బిగించిన సెట్. మామూలుగా బాగానే ఉంటుంది, దూర ప్రయాణంలో మాత్రం నావిగేషన్ పోతుంది. బిగించిన వాళ్లు సెట్ మార్చమన్నారట. నేను బండి బయట పెట్టి గీతల పేజీ తెరిచాను. గీతలు పొట్టిగా, ఉండీ లేనట్టు ఉన్నాయి. యాంటెన్నా చూస్తే పెట్టిన చోటు సరైనదే. ఇక బండిలో కరెంటు తినేవన్నీ ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాను. ఫోన్ చార్జర్ తీశాను, మార్పు లేదు. అద్దం దగ్గరి డ్యాష్‌క్యామ్ పిన్ను లాగాను. అంతే, గీతలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. మళ్లీ గుచ్చితే మళ్లీ పడిపోయాయి. ఆ చవక కెమెరా చిమ్మే రొద జీపీఎస్ సంకేతాన్ని మింగేస్తోంది. ఊళ్లో తిరిగేటప్పుడు ఆ బండాయన కెమెరా పెట్టడు, హైవే ఎక్కితేనే పెడతాడు. పైగా కెమెరా వైరునీ యాంటెన్నా వైరునీ కలిపి ఒకే ట్యాగుతో పిల్లర్‌కి కట్టారు. రెండూ విడదీసి, బిళ్లని అవతలి మూలకి మార్చాను. కెమెరా అడాప్టర్ మంచిది కొనుక్కోమన్నాను. అదే అడాప్టర్ వల్ల ఎఫ్ఎంలో కూడా బుస్సుమని చప్పుడు వచ్చేదట. "అది మా ఊరి సిగ్నల్ అనుకున్నా" అన్నాడాయన.

మన దేశానికి సొంత ఉపగ్రహాలున్నాయి కదా అని కొందరు అడుగుతారు. ఉన్నాయి. మన శ్రీహరికోట నుంచే 2013లో మొదటిది ఎగిరింది. నావిక్ అంటారు. అయితే మొదట్లో పంపినవి మాట్లాడే తరంగం వేరు, మామూలు కార్ సెట్లలోని చిప్పులు దాన్ని వినలేవు. 2023లో పంపిన ఉపగ్రహం నుంచి అందరూ వాడే తరంగం మీద కూడా మాట్లాడించడం మొదలుపెట్టారు. స్టీరియో డబ్బా మీద నావిక్ అని రాసి ఉందని రెండు వేలు ఎక్కువ పెట్టాల్సిన పని మాత్రం ఇప్పటికి లేదు.

ఇంకో ఫిర్యాదు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే గురించి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్. దాని మీద పోతుంటే సెట్ "ఎడమకి తిరగండి" అంటుంది. తిరిగితే గాల్లోకే. కింద రోడ్డు మీద పోతుంటే నెత్తిన కాంక్రీటు కప్పు, చుక్క అటూ ఇటూ గెంతుతుంది. ఇది ఏ సెట్‌కైనా ఉండేదే. మనం ఎక్కడున్నామో జీపీఎస్ బాగా చెబుతుంది గానీ ఎంత ఎత్తులో ఉన్నామో అంత బాగా చెప్పలేదు, పైనా కిందా రోడ్లు ఒకే గీత మీద ఉంటే పటం ఏదో ఒకటి ఎంచుకుంటుంది. మంచి జపాన్ సెట్లలో దీనికి కొంత మందు ఉంది. స్పీడ్ వైరు అని ఒకటి వస్తుంది, బండి వేగాన్ని నేరుగా సెట్‌కి చెబుతుంది. సంకేతం పోయినా ఇంత వేగంతో ఇంత దూరం వచ్చాను అని సెట్ తనంతట తాను లెక్క కట్టుకుంటుంది. ఆ వైరు బండిలో ఎక్కడ కలపాలో వెతకడం విసుగు పని. కలపకుండా టేపు చుట్టి లోపలికి నెట్టేసేవాళ్లే ఎక్కువ. అలాంటి సెట్ కొంటే బిగించేటప్పుడు పక్కన నిలబడి ఆ వైరు ఎక్కడ కలిపారో అడగండి. దాని కోసమే కదా ఎక్కువ డబ్బు పెట్టింది.

డబ్బా మీది అంకెలు చూసి బేరం చేసేవాళ్లతో నాకు రోజూ గొడవే. 50 వాట్లు ఇంటూ నాలుగు అని ఉంటుంది. బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర ఉండేది 14.4 వోల్టులు. నాలుగు ఓముల స్పీకర్‌కి ఆ వోల్టేజీతో శుభ్రంగా పంపగలిగేది ఎంత లెక్క కట్టినా ఇరవయ్యారు వాట్లు దాటదు. పాట పగలకుండా వినబడేది పదిహేను, ఇరవై దగ్గర. మిగతాదంతా అచ్చు. మెమరీ కూడా అంతే. 4 జీబీ, 64 జీబీ అని స్టిక్కరు, సెట్టింగుల్లో చూసినా అదే, లోపల మాత్రం 2, 32. ఆండ్రాయిడ్ నంబరుని కూడా తెర మీద ఎంత కావాలంటే అంత రాసుకునే విద్య వాళ్లకుంది. ఫోన్లలో వాడే సిస్టం పరీక్ష యాప్ ఒకటి వేసి చూస్తే నిజం బయటపడుతుంది. అదీ కుదరకపోతే ఒక పని చేయండి. బండి ఆపి, కాసేపాగి, మళ్లీ తాళం తిప్పి వెంటనే రివర్స్ గేరు వేయండి. కెమెరా బొమ్మ ఎంతసేపటికి వచ్చిందో చూడండి. తర్వాత పాట పెట్టి, మ్యాప్ తెరిచి, రెండు వేళ్లతో పటాన్ని పెద్దది చిన్నది చేయండి. పాట తడబడితే ఆ సెట్ వద్దు. ఇది మే నెల మధ్యాహ్నం ఎండలో చేస్తే ఇంకా మంచిది. ఎండలో నిలబెట్టిన బండిలో డ్యాష్‌బోర్డు మీద చెయ్యి ఆనించలేం, ఆ వేడికి చవక సెట్లు తమంతట తామే ఆగి మొదలవుతుంటాయి. సరిగ్గా మలుపు దగ్గరే ఆగుతాయి, ఎందుకో మరి.

వైర్ల దగ్గరికొస్తే, కొత్త బండి వాళ్లు అడిగేది ఒకటే. "వైరు కట్ చేస్తే వారంటీ పోతదా అన్నా?" కట్ చేయొద్దు, చేయనివ్వొద్దు. బండి కప్లర్‌కి సరిపోయే కప్లర్ దొరుకుతుంది, గుచ్చితే చాలు. స్టీరింగ్ బటన్లు, ఏసీ బొమ్మ తెర మీద రావాల్సిన బళ్లకి క్యాన్‌బస్ డబ్బా కూడా కావాలి. పాత బళ్లకి కప్లర్ దొరక్కపోతే కలపక తప్పదు, అప్పుడు రంగులు తెలిసినవాడు కావాలి. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండేది, సెట్ జ్ఞాపకానికి. ఎరుపు తాళం తిప్పితేనే వచ్చేది. నలుపు ఎర్త్. తెలుపు, బూడిద ముందు స్పీకర్లకి, ఆకుపచ్చ, ఊదా వెనక వాటికి. పసుపునీ ఎరుపునీ ఒకదానికొకటి కలిపేస్తే సెట్ వెంటనే మేలుకుంటుంది, కస్టమర్ సంతోషిస్తాడు. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో బండి పది రోజులు వదిలి ఊరెళ్లి వస్తే బ్యాటరీ కూర్చుని ఉంటుంది.

సరిగా కలిపినా కొన్ని ఆండ్రాయిడ్ సెట్లు పూర్తిగా నిద్రపోవు, త్వరగా లేవడానికి ఒక కన్ను తెరిచే ఉంచుతాయి. మీటరుని బ్యాటరీ వైరు మధ్యలో పెట్టి, బండి తాళం వేసి, అన్నీ నిద్రపోయేదాకా ఆగి చూస్తాను. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సరే. దానికి ఎన్నో రెట్లు చూపిస్తే సెట్టింగుల్లో నిద్ర సమయం తగ్గిస్తాను. అప్పటికీ తగ్గకపోతే ఆ సెట్ తిరిగి డీలర్‌కే.

రేడియో కొనేవాళ్లు రేడియో సంగతే మర్చిపోతున్నారు. వ్యాగనార్‌లో తిరిగే ఒక రిటైర్డ్ సార్‌కి కూతురు డల్లాస్ నుంచి నావిగేషన్ సెట్ తెచ్చిపెట్టింది. మంచి సెట్టే, శబ్దం మొదటి పాటకే తెలిసిపోయింది. బిగించి పటం తెరిస్తే అమెరికా మొత్తం ఉంది, హైదరాబాద్ లేదు. ఖాళీ తెర మధ్యలో మన బండి గుర్తు ఒంటరిగా నిలబడి ఉంది. ఆ పటం మార్చే దారి నాకు దొరకలేదు. సార్ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. "నాకు దారులు తెలుసు లేవయ్యా. వివిధ భారతి రావట్లేదు, అది చూడు" అన్నారు.

వెతికితే 98.3 వచ్చింది, 93.5 వచ్చింది, 101.9 వచ్చింది. 102.8 దగ్గర సెట్ ఆగట్లేదు. 102.7 నుంచి ఒక్క గెంతులో 102.9కి పోతోంది. అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్లన్నీ బేసి అంకెల మీదే ఉంటాయి, సెట్ ఆ లెక్కన రెండేసి అడుగులు వేస్తోంది. మన సరి అంకె స్టేషన్లన్నీ దాని కాళ్ల కింద సందుల్లో పోతున్నాయి. మీడియం వేవ్‌లో ఇంకా ఘోరం. మన ఆకాశవాణి స్టేషన్లు తొమ్మిది కిలోహెర్ట్జుల ఎడంతో ఉంటాయి. హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖ 927, దేన్నైనా తొమ్మిదితో భాగించండి, శేషం రాదు. అమెరికా సెట్ పదేసి అడుగులు వేస్తుంది కాబట్టి 730, ఆ వెంటనే 740. ఇలాంటి సెట్లలో చాలావాటికి ఈ అడుగు మార్చే వీలు దాచిపెట్టి ఉంటుంది. పాట ఆపి, సోర్స్ పూర్తిగా ఆఫ్ చేస్తేగానీ ఆ మెనూ కనబడదు. మార్చాక 102.8లో పాత పాట మొదలైంది. సార్ సీటు వెనక్కి వాలి కూర్చున్నారు, బిల్లు సంగతి మాట్లాడే అవకాశం నాకు ఆ పాట అయ్యాకే దొరికింది. నావిగేషన్ కావాల్సి వచ్చినప్పుడు ఫోన్ కలుపుకుని ఆండ్రాయిడ్ ఆటోలో చూసుకుంటున్నారు. చైనా నుంచి వచ్చే చవక సెట్లలోనూ ఈ ప్రాంతం సెట్టింగు తప్పుగా ఉంటుంది, అది మార్చడం రెండు నిమిషాల పని. అడిగితే ఎవరైనా చేస్తారు.

కస్టమర్లు అడిగేవాటిలో నేను ఒప్పుకోనిది బ్రేక్ వైరు ఒక్కటే. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటేనే తెర మీద సినిమా రావాలని కంపెనీ ఆ వైరు ఇస్తుంది. దాన్ని ఎర్త్‌కి కలిపేస్తే బండి నడుస్తున్నప్పుడూ సినిమా వస్తుంది. వీధిలో పది షాపుల్లో అడగకముందే కలిపేస్తారు. ముందు సీట్లో సినిమా నడుస్తుంటే డ్రైవర్ కన్ను దాని మీదికి పోకుండా ఉండదు. బేరం పోయినా సరే, ఆ పని మా షాపులో లేదు. పిల్లల కోసం అంటారు. పిల్లలు వెనక కూర్చుంటారు, వెనక తెర వేరే పెట్టుకోవచ్చు.

తెర వంక చూడకుండా దారి తెలియాలంటే మాట వినబడాలి. దీని గురించి ఎవరూ అడగరు. పాట నడుస్తుండగా మలుపు మాట వచ్చినప్పుడు పాట తగ్గి, మాట అయ్యాక మళ్లీ పెరగాలి. కొన్ని సెట్లు పాటని పూర్తిగా ఆపేస్తాయి, కొన్ని మాటని పాట కింద పూడ్చేస్తాయి. సెట్టింగుల్లో నావిగేషన్ మాటకి వేరే వాల్యూమ్ ఉందా చూసుకోండి. గూగుల్ తెలుగులోనూ చెబుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు నడిపే బండికి నేను తెలుగే పెట్టి ఇస్తాను. కుర్రాళ్లు షాపు మలుపు తిరగకముందే ఇంగ్లీషుకి మార్చేసుకుంటారు, అది వాళ్లిష్టం.

పని అయ్యాక పాత స్టీరియో, దాని ఫ్రేము, స్క్రూలు ఒక కవర్లో వేసి ఇస్తాను. "మాకెందుకన్నా, నువ్వే ఉంచుకో" అంటారు చాలామంది. ఉంచుకోను. బండి అమ్మేరోజు కొనేవాడు కంపెనీ సెట్ ఏదని అడుగుతాడు. అప్పుడు పాతది బిగించి, కొత్తది విప్పి తర్వాతి బండికి తీసుకుపోవచ్చు, ఫ్రేమూ కప్లరూ మారిస్తే సరిపోతుంది. అందుకే బిల్లులో సెట్ ధర ఒక వరస, ఫ్రేము, కప్లరు ఇంకో వరస రాస్తాను. ఆ కవరు మాత్రం డిక్కీలో స్టెప్నీ పక్కన పడేయకండి. వానాకాలం అక్కడ నీళ్లు చేరతాయి. ఇంట్లో అటక మీద పెట్టుకోండి.